మిగతా సగం ఎవరిస్తున్నారు?

పోయిన వారం చిన్నిని ఫోను చెవికి ఆనించుకుని నిలబడిపోయి ఉండగా వదిలేశాం. అవతల మాట్లాడినావిడ పక్క వీధిలో లెక్కల ఆఫీసు నడుపుతుంది. ఆవిడ అన్నది ఇంతే. "గంటల మేడమ్ మీకు ఆ రేటుకి చేస్తోందా? మా దగ్గర దానికి రెట్టింపు తీసుకుంటుంది కదమ్మా! బేరం మాటెత్తితే ఫోను పెట్టేస్తుంది."

కొత్తగా మనతో చేరినవారి కోసం ఒక్క అడుగు వెనక్కి వేద్దాం. చిన్ని వాళ్ళక్క నర్సు. మంచాన పడ్డవాళ్ళకు, ఆపరేషనయి ఇంటికొచ్చినవాళ్ళకు, వయసు మీద పడ్డవాళ్ళకు ఇంటికే నర్సులను పంపే చిన్న సంస్థ ఆమెది. అందులో ఆఫీసు చూసేది చిన్ని, ఖర్చులు చూసేది చిన్ని, తిట్లు తినేదీ చిన్నే. ఏ నర్సు ఏ ఇంటికి ఎప్పుడు వెళ్ళాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ని తెచ్చి, తమ పనికి తగ్గట్టు మలిచి, దానికి రూల్స్ రాసి, పసిబిడ్డలా సాకినవాడు అక్క భర్త, చిన్ని బావ. ఆ బావ వేసవి మొదట్లో ఒక పెట్టె సర్దుకుని వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయాడు. ఎందుకో చిన్నికి తెలియదు. "ఆయన సంగతి నన్నడక్కు. ఆయనకి ఫోన్ చేశావంటే నా మీద ఒట్టే" అని అక్క ఆమె నోరు కట్టేసింది.

బావ వెళ్ళాడు గానీ సాఫ్ట్‌వేర్ మీద పూర్తి అధికారం మాత్రం ఆయన పేరునే ఉండిపోయింది. కొత్త నర్సు చేరితే చేర్చడానికి లేదు. మానేసిన నర్సు పేరు తీసెయ్యడానికి లేదు. బావ రాసిన రూల్స్ అడిగేవాళ్ళు లేక వాటి ఇష్టారాజ్యంగా నడుస్తున్నాయి. బయటి సాయం కోసం చిన్ని తిరగని చోటు లేదు. పెద్ద కంపెనీవాళ్ళు ముగ్గురు సూట్లు వేసుకుని వచ్చి, గోడ మీద బొమ్మలు చూపించి, ఏడాదికి తక్కువైతే ఒప్పుకోమని చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. వాళ్ళు చెప్పిన ధరకి ఆఫీసు మొత్తం అమ్ముకున్నా చాలదు. ఇంటర్నెట్‌లో దొరికిన నిపుణుడొకడు అడ్వాన్సు తీసుకుని, రంగురంగుల చార్టులు నాలుగు పంపి, ఆ తర్వాత అయిపు లేకుండా పోయాడు. అప్పుడు అక్క ఒక నంబరిచ్చింది, ఎవరో చెప్పారంటూ. ఆ నంబరు గంటల మేడమ్‌ది. చిన్నచిన్న ఆఫీసుల సాఫ్ట్‌వేర్లను బయటినుంచి చూసిపెట్టి, పనిచేసిన గంటలకే డబ్బు తీసుకుంటుంది. అందుకే ఆ పేరు. "ఇంతకు మించి మావల్ల కాదు మేడమ్" అని చిన్ని భయపడుతూ చెబితే, ఆవిడ ఒక్క మాట కూడా ఎదురాడకుండా సరేనంది.

అంత సులువుగా సరేననడమే ఇప్పుడు చిన్ని గుండెలో ముల్లై కూర్చుంది.

మర్నాడు పొద్దున్న మేడమ్‌ని ఇంటినుంచి కాదు, ఆఫీసుకే వచ్చి పనిచెయ్యమని కబురు చేసింది. ముఖం చూసి అడగాలని ఆమె పట్టుదల. కానీ మేడమ్ వచ్చేలోపే ఇంకో ఉపద్రవం వచ్చిపడింది.

కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉండే ఆ రెండు గదుల ఆఫీసులో, గ్లవ్స్ పెట్టెలకూ దూది కట్టలకూ మధ్య చిన్ని బల్ల. ఆమె ఇంకా బ్యాగు భుజం మీదనుంచి దించలేదు, రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఒకదాంట్లో పొడుగు సిస్టర్, వాళ్ళ నర్సుల్లో ఒకామె.

"చిన్నీ మేడమ్, ఇక్కడ పెద్దావిడింటికి నేనొచ్చాను, నా వెనకే ఇంకో సిస్టర్ కూడా వచ్చింది. ఇద్దరికీ ఇదే అడ్రస్ చూపిస్తోంది యాప్‌లో. పెద్దావిడ నన్ను చూసి, ఆవిణ్ణి చూసి, నాకంత ముదిరిపోయిందా అని ఏడుస్తోంది."

రెండోదాంట్లో డ్రాయింగ్ మాస్టారి కూతురు. మాస్టారికి సుగరు, కాలికి మానని పుండు. రోజూ పొద్దున్నే నర్సు వెళ్ళి కట్టు మార్చి, ఇన్సులిన్ ఇచ్చి రావాలి.

"ఎవరూ రాలేదండీ! మా నాన్న కాలు స్టూలు మీద పెట్టుకుని గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నారు. కట్టు తడిసిపోయింది. ఇంజెక్షన్ పడందే ఏమీ తిననంటున్నారు. నేను ఉద్యోగానికి పోవాలా, ఇక్కడే కూర్చోవాలా? మీరు నడిపేది నర్సుల ఆఫీసా, లాటరీ ఆఫీసా?"

"పంపిస్తున్నానండీ, ఇప్పుడే పంపిస్తున్నాను" అంటూనే చిన్ని రెండో ఫోనందుకుంది. "సిస్టర్, నువ్వు టాక్సీ ఎక్కి మాస్టారింటికి వెళ్ళిపో. యాప్ ఏం చెప్పినా పట్టించుకోకు. నేను చెబుతున్నాగా!"

అక్కకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. పేషెంటు దగ్గరుంటే అక్క ఫోనెత్తదు, అది మామూలే. కానీ ఈ పొద్దుటి డ్యూటీ ఎవరింట్లోనో అక్క చెప్పనే లేదు.

అప్పుడొచ్చింది గంటల మేడమ్. నెరిసిన జుట్టు మెడ దాకా కత్తిరించుకున్న మనిషి. నవ్వడానికి కూడా గంట లెక్కన తీసుకుంటుందేమో అనిపించేంత పొదుపు ముఖంలో. బ్యాగులోంచి కళ్ళజోడు డబ్బా తీసింది. అందులోంచి కళ్ళజోడు కాదు, సొంత మౌస్ బయటికొచ్చింది. ఎవరి ఆఫీసు మౌసూ ఆవిడ ముట్టదు.

"ఏమైంది? ముఖం అలా ఉంది?" అంది కుర్చీ లాక్కుంటూ.

చిన్ని జరిగింది చెప్పింది. చెబుతుంటే, ఎందుకో తెలియకుండానే, అడగాలనుకున్నదే ముందు బయటికి వచ్చేసింది.

"మేడమ్, మీరు లెక్కల ఆఫీసు వాళ్ళ దగ్గర మా రేటుకి రెట్టింపు తీసుకుంటారట. నిజమేనా?"

ఆవిడ మౌస్ వైరు విప్పుతున్న చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరైతే ఏంటి? నిజమా కాదా?"

"నిజమే. అందరి దగ్గరా అంతే తీసుకుంటాను."

"మరి మాకెందుకు సగం? మేమేమన్నా చుట్టాలమా?"

"మీకూ సగం కాదమ్మా." మేడమ్ వైరుని జాగ్రత్తగా గుచ్చింది. "నాకు పూర్తి డబ్బూ ముడుతోంది. సగం మీరిస్తున్నారు. మిగతా సగం ఇంకొకరిస్తున్నారు."

కిటికీలోంచి వీధి చప్పుడు ఒక్కసారిగా గట్టిగా వినిపించినట్టయింది చిన్నికి. "ఎవరు?"

"చెప్పనని మాటిచ్చాను."

"మా ఆఫీసు పనికి మాకు తెలియకుండా డబ్బు కట్టడం ఏంటి మేడమ్? దీని వెనక ఏముంది? మా బావేనా?"

మేడమ్ తెర వైపు తిరిగి, "మీ మెయిల్ తెరవండి. నిన్న సాయంత్రమే వచ్చి ఉండాలి. చూసుకున్నట్టు లేరు" అంది.

చిన్ని తెరిచింది. నర్సులు సెలవులడిగిన మెయిళ్ళ మధ్య ఒక కొత్త మెయిల్. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది. దాని పూర్తి అధికారాన్ని పాత ఓనర్ బదిలీ చేస్తున్నారనీ, సమ్మతమైతే కింది బటన్ నొక్కమనీ దాని సారాంశం. పాత ఓనర్ బావ. అంతవరకూ బాగానే ఉంది. ఇన్నాళ్ళూ దేవుళ్ళాడుతున్నది దీనికోసమే. కానీ కొత్త ఓనర్ అన్న చోట అక్క పేరు లేదు. చిన్ని పేరుంది.

మళ్ళీ చదివింది. తన పేరే. ఇంటిపేరుతో సహా.

"ఇదేదో పొరపాటు. అక్క పేరుండాలి. సంస్థ అక్కది. నేను జీతానికి చేసేదాన్ని."

"పొరపాటు కాదు" అంది మేడమ్. "ఒప్పుకుంటే ఈ క్షణం నుంచి ఇందులో ఎవరుండాలో, ఎవరు పోవాలో మీ ఇష్టం. మీ అక్కగారికి కూడా మీరే అనుమతివ్వాలి. ఒప్పుకోకపోతే నేను ఇంతకుమించి చెయ్యగలిగింది లేదు. రోజూ చేత్తో సరిచేసుకుంటూ కూర్చోవడమే."

చిన్ని బటన్ నొక్కలేదు. ఇంటినుంచి పోయినవాడు అధికారం ఎందుకిస్తాడు? ఇస్తే పెళ్ళానికివ్వక మరదలికెందుకిస్తాడు? పైగా సగం డబ్బు ఎందుకు కడతాడు? మంచితనమా, అక్కాచెల్లెళ్ళ మధ్య పుల్ల పెట్టడమా? ఎటునుంచి చూసినా ఒక కొస దొరికితే రెండోది జారిపోతోంది.

ఒట్టు గుర్తొచ్చింది. అయినా వేలు ఆగలేదు. బావ నంబరు నొక్కేసింది.

మొదటి రింగుకే ఎత్తాడు.

"కందిరీగా!" అన్నాడు. చిన్నికి కోపం ఎక్కువని ఆయన ఒక్కడే పిలిచే పేరది. గొంతులో దాపరికం లేని సంతోషం. "ఎలా ఉన్నావు? తిన్నావా?"

తిట్లకో, ముభావానికో సిద్ధపడి ఉన్న చిన్నికి ఆ ప్రేమ చూసి మరీ ఒళ్ళు మండింది.

"బావా, సూటిగా అడుగుతున్నా. అధికారం నా పేరున ఎందుకు పెట్టావు?"

"అధికారమా?"

"సాఫ్ట్‌వేర్‌ది! కొత్త ఓనర్ నేనట."

బావ నెమ్మదిగా, "ఆ... అవునవును. పంపాం. నీ పేరే కదా? నీ పేరే అనుకుంటా" అన్నాడు.

"అనుకుంటావా? నువ్వు పంపింది నువ్వే అనుకుంటావా? అక్కకి తెలుసా ఈ సంగతి?"

"ఆ ఒక్కటీ నన్నడక్కు చిన్నీ. నాకు అబద్ధం చెప్పడం రాదు."

"అబద్ధం రాదు గానీ చెప్పకుండా పోవడం వచ్చు! ఈ మేడమ్‌కి సగం డబ్బు కట్టేది నువ్వేనా?"

"ఏ మేడమ్?"

ఎదురుగా కూర్చున్న గంటల మేడమ్ తెర మీదనుంచి చూపు తిప్పలేదు. కానీ ఆవిడ చేతివేళ్ళు కదలడం మానేశాయి.

"సరే, నటించు. ఇవాళ నీ రూల్స్ పుణ్యమా అని డ్రాయింగ్ మాస్టారింటికి ఎవరూ వెళ్ళలేదు. ఆ పెద్దాయన తడి కట్టుతో, ఇంజెక్షన్ లేక గుమ్మం చూస్తూ కూర్చున్నారు. ఆ సంగతన్నా పట్టిందా నీకు?"

"ఎవరు కూర్చున్నారు?"

"డ్రాయింగ్ మాస్టారు!"

"ఆయనెవరు?"

ఆదివారాలు మాస్టారింట్లో చదరంగం ఆడుతూ తిండి కూడా మర్చిపోయేవాడు బావ. మాస్టారు పెన్సిల్‌తో గీసిన బావ బొమ్మ అక్క వాళ్ళ హాల్లో ఇంకా వేలాడుతోంది. అంత మనిషిని పట్టుకుని ఆయనెవరంటాడా? కోపం ఉంటే అక్క మీద ఉండాలి. ఆ ముసలాయన ఏం చేశాడు?

"ఇంతకీ ఎలా ఉన్నావు కందిరీగా? తిన్నావా?" అన్నాడు బావ మళ్ళీ, ఇందాకటి గొంతుతోనే, ఇందాకటి సంతోషంతోనే.

"వెక్కిరిస్తున్నావా నన్ను?" చిన్ని అరుపుకి కింద కళ్ళజోళ్ళ దుకాణంలో కూడా ఉలిక్కిపడి ఉంటారు. "నీకు ధైర్యముంటే ఫోన్లో కాదు, ఆఫీసుకి రా. వచ్చి నా ముఖం చూసి చెప్పు ఇవన్నీ!"

ఫోను పెట్టేసింది. మంచినీళ్ళు తాగబోతే గ్లాసు పళ్ళకి తగిలింది.

"ఆయన్ని అలా అనకుండా ఉండాల్సింది" అంది మేడమ్ మెల్లగా.

"మీకేం తెలుసు మేడమ్ మా బావ గురించి?"

ఆవిడ జవాబు చెప్పబోయేలోపే ఫోన్ మోగింది. పొడుగు సిస్టర్.

"మాస్టారింటికొచ్చాను. కట్టు మార్చేశాను. పుండు కొంచెం నయమే. కానీ ఇన్సులిన్ దగ్గర ఆగిపోయాను మేడమ్. నిన్న డాక్టర్ గారు డోసు మార్చారట. ఎంతకి మార్చారో వీళ్ళమ్మాయికి గుర్తు లేదు. యాప్‌లో ఉంటుంది గానీ ఈయన పేజీ నాకు తెరుచుకోవట్లేదు. ఈ పేషెంటు నీకు కేటాయించలేదు అంటోంది."

"డాక్టర్ని అడుగు."

"ఆపరేషన్లో ఉన్నారట. మధ్యాహ్నం దాకా రారు. పాత డోసు ఇచ్చెయ్యమంటారా?"

"వద్దు వద్దు! ఆగు." సుగరు తగ్గినా ప్రమాదమే, పెరిగినా ప్రమాదమే. అక్క పక్కన ఇన్నేళ్ళున్నందుకు ఆ మాత్రం చిన్నికీ తెలుసు. అక్కకి మళ్ళీ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"మేడమ్, ఆ పేజీ మీరు తెరవలేరా?"

"ఓనర్ అధికారం లేనిదే కుదరదు. పేషెంట్ల వివరాలకు తాళం చాలా గట్టిగా వేసి పెట్టారు. మంచి పనే చేశారు."

చిన్ని మెయిల్లోని బటన్‌ని చూసింది. అక్కకి చెప్పకుండా అక్క సంస్థని చేతిలోకి తీసుకోవడం. దొంగతనంగా తాళంచెవి అందుకున్నట్టే ఉంటుంది. అక్కడ మాస్టారు ఆకలితో కూర్చున్నారు.

"నొక్కాక బాధ్యత మీదే. వెనక్కి ఇవ్వడం అంత తేలిక్కాదు" అంది మేడమ్. "ఆలోచించుకోండి."

"ఆలోచించే తీరికెక్కడుంది మేడమ్!" అంటూ నొక్కేసింది.

ఉరుములూ మెరుపులూ ఏమీ రాలేదు. తెర ఒకసారి తెల్లబడి, మళ్ళీ వచ్చింది. పక్కన ఇంతకుముందెన్నడూ చూడని మీటలు బారులు తీరి ఉన్నాయి. చిన్నికి ఒక్కటీ అర్థం కాలేదు. మేడమ్‌కి మాత్రం సొంత వంటింట్లోకి వచ్చినట్టే ఉంది. ఏది నొక్కాలో చెబుతూ, ముందు పొడుగు సిస్టర్‌ని మాస్టారికి కేటాయింపజేసింది.

"వచ్చింది మేడమ్, పేజీ తెరుచుకుంది!" ఫోన్లో సిస్టర్. "అమ్మో, నిన్న బాగా తగ్గించారండీ డోసు. పాతది ఇచ్చుంటే కళ్ళు తిరిగి పడిపోయేవారు."

వెనకనుంచి మాస్టారి కూతురి గొంతు వినిపించింది. ఇందాకటి వేడి లేదు. "లాటరీ ఆఫీసన్నానని ఏమనుకోవద్దని చెప్పండి." ఆమె వెనక మాస్టారు ఏదో అంటే, ఆమె నవ్వింది.

చిన్ని కుర్చీలో కూలబడింది. ఎన్ని రోజులకో ఊపిరి నిండుగా వచ్చింది. పక్కన మేడమ్ పొద్దుటి తికమకకి మూలం వెతుకుతోంది. గంట గడిచేసరికి అది దొరికింది. మానేసిన నర్సు ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టు సాఫ్ట్‌వేర్ అనుకుంటోంది. మాస్టారి పని ఆమెకి ఇచ్చేసి నిశ్చింతగా కూర్చుంది.

"కానీ ఇది చూడండి" అంది మేడమ్, కళ్ళజోడు పైకి జరుపుకుని. "మొదట్లో రాసిన రూల్స్ ముత్యాల్లా ఉన్నాయి. నేను ఇంతమంది దగ్గర పనిచేశాను, ఇంత శుభ్రంగా రాసినవి చూడలేదు. చివర్లో రాసినవి చూడండి. ఒకే రూల్ మళ్ళీ మళ్ళీ రాశారు. ఇదుగో, ఇది మధ్యలోనే వదిలేశారు. పెద్దావిడింటికి ఇద్దరు వెళ్ళింది దీనివల్లే."

"కోపంలో రాసుంటాడు. వెళ్ళిపోయే ముందు పాడుచేసి పోదామని."

"కోపంలో రాసినట్టు లేదమ్మా ఇది" అంది మేడమ్.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎవరో పరుగున ఎక్కి వస్తున్నారు. తలుపు గోడకి కొట్టుకుంది. అక్క. జుట్టు ముడి ఊడిపోయి భుజాన పడింది. ముఖమంతా చెమట.

చిన్ని లేచి నిలబడింది. "అక్కా, నేను నొక్కేశాను. నీకు చెప్పకుండా ఓనర్‌గా... మాస్టారికి డోసు కోసం..."

"మీ బావకి ఫోన్ చేశావా?"

"చేశాను. ఒట్టు తప్పాను. కానీ..."

"ఏం మాట్లాడావు? ఏమన్నావు ఆయన్ని? వదిన ఫోన్ చేసింది. ఆవిడ స్నానానికెళ్ళేటప్పుడు నీతో మాట్లాడుతున్నాడట. వచ్చి చూస్తే మనిషీ లేడు, చెప్పులూ లేవు. నేను వాళ్ళ వీధులన్నీ తిరిగొచ్చాను. ఎక్కడా లేడు."

"లేకపోతే ఏమైందక్కా? చిన్నపిల్లాడా?"

అక్క తలుపు చెక్కని పట్టుకుంది. గంటల మేడమ్ లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపింది. అప్పుడు చూసింది చిన్ని, వాళ్ళిద్దరి చూపులు కలవడం. ఫోన్లో మాత్రమే మాట్లాడుకున్నవాళ్ళ చూపు కాదది. ఒకరినొకరు బాగా ఎరిగినవాళ్ళ చూపు.

"ఇంక దాచకండి" అంది మేడమ్.

అక్క కూర్చోలేదు. "ఆయనకి మతిమరుపు జబ్బు చిన్నీ" అంది. "ముసలితనంలో వస్తుందే, అది. ఆయనకి ఈ వయసులోనే వచ్చింది. చలికాలంలో ఓ రోజు ఆ తెర ముందు కూర్చుని, ఈ బటన్ దేనికి అని నన్నడిగాడు. తనే పెట్టిన బటన్."

"అయితే... గొడవ?"

"గొడవేం లేదు. మేమెప్పుడు గొడవపడ్డాం? నా చెయ్యి తప్పి ఏ పేషెంటుకన్నా ఏమన్నా అయితే ఎలా అని ఆయనే లేచి వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ముఖ్యంగా నీకు. కందిరీగ నన్ను జాలిగా చూస్తే తట్టుకోలేను, కోపంగానే చూడనివ్వు అన్నాడు. నువ్వడిగితే ఆయన దాచలేడు. అందుకే నీతో ఒట్టేయించుకున్నాను."

ఏ మేడమ్? ఆయనెవరు? తిన్నావా? ఫోన్లో విన్న ఒక్కొక్క మాటా చిన్నికి వేరే అర్థంతో వెనక్కి వచ్చి తగులుతోంది.

"మరి సగం డబ్బు..."

"నేనే. రాత్రి డ్యూటీలు ఎందుకు చేస్తున్నాననుకున్నావు? నేను ఆయన దగ్గరికి వెళ్ళిపోవాలి చిన్నీ, ఇవాళ కాకపోతే రేపు. ఇదంతా నీ నెత్తిన పెట్టి వెళ్ళేటప్పుడు, పక్కన పని తెలిసిన మనిషొకరు ఉండాలనుకున్నాను. అసలు రేటు చెబితే నువ్వు వద్దంటావు. అందుకని మేడమ్‌ని బతిమాలాను. నిన్న ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, బదిలీ నొక్కించింది కూడా నేనే. నీ పేరు ఆయనే చెప్పాడు. అది మాత్రం తడుముకోకుండా చెప్పాడు."

చిన్ని ఏడవలేదు. ఏడవడానికి ఇంకా అంతా అర్థం కావాలి కదా. సగం అర్థమైంది, సగం ఇంకా గాల్లోనే ఉంది. బల్ల మీద ఫోన్ మళ్ళీ మోగుతోంది. ఎవరూ ఎత్తకపోతే గంటల మేడమ్ ఎత్తింది.

"నర్సుల ఆఫీసేనండీ. చెప్పండి" అని, రిసీవర్ చేత్తో మూసి, "మీరిద్దరూ వెళ్ళండి. ఇక్కడ నేనుంటాను" అంది.

అక్క అప్పటికే మెట్లు దిగుతోంది. చిన్ని వెనకే పరిగెత్తింది. వీధిలో ఎండ కళ్ళలో పొడిచింది. బస్సులు, మనుషులు, ఎవరి గొడవ వాళ్ళది. అందులో బావలాంటి వీపు ప్రతి పది మందిలోనూ ఒకటి కనిపిస్తోంది.

"వెళ్ళేటప్పుడు వదినతో ఏమన్నా అన్నాడా?" అంది చిన్ని.

"అన్నాడట. స్నానాల గది తలుపు బయటినుంచే, ఆఫీసుకి లేటయింది అని కేకేశాడట." అక్క చటుక్కున ఆగి చిన్ని మణికట్టు పట్టుకుంది. "నువ్వేమన్నావు చిన్నీ? సరిగ్గా ఏ మాటన్నావు?"

"ఆఫీసుకి రా అన్నాను. కోపంలో అన్నానక్కా, నాకు తెలియదు కదా..."

అక్క వీధికి ఆ చివర చూసింది. ఈ చివర చూసింది. వాళ్ళ ఆఫీసు మొదట పెట్టింది ఊరికి ఆ కొసన, బావ తల్లి ఇంటి ముందుగదిలో. ఆ ఇల్లు అమ్మేసి ఎన్నో ఏళ్ళయింది. తర్వాత కొన్నాళ్ళు నది అవతల, రైలు పట్టాల పక్కనున్న గదుల్లో నడిపారు. వాటిని పడగొట్టేశారు. ఈ కళ్ళజోళ్ళ దుకాణం పైకి వచ్చింది మొన్నమొన్ననే.

"ఆయన మనసులో ఇప్పుడు మనం ఏ ఏడాదిలో ఉన్నామో నాకు తెలియదు" అంది అక్క. "ఏ ఆఫీసుకి రమ్మన్నావనుకుని బయల్దేరాడు చిన్నీ?"